టంగ్‌స్టన్ అన్వేషణ: దూరపు కొండ నుండి పంచాయతీలు నేర్వదగిన పాఠము

మన గ్రామములలో బోరుబావి వేయించిన రైతు యంత్రపు కడ్డీ చివర బిగించు బిట్టును చూచియే యుండును. దాని ముఖముపై గుండీలవలె పొదిగిన గట్టి ముక్కలు కొన్ని కానవచ్చును. నల్లరాతిని నలిపి పొడిచేయునవి ఆ ముక్కలే. చుట్టునున్న ఉక్కు వానిని పట్టుకొనియుండుటకు మాత్రమే పనికివచ్చును. టంగ్‌స్టన్ అను లోహమును కర్బనముతో కలిపి ఆ ముక్కలను చేయుదురు. ఒక తరము క్రిందటి వరకు ఇంటింట వెలిగిన విద్యుద్దీపపు బుడ్డిలోని సన్నని తీగయు ఈ లోహముతో చేసినదే. లోహములను కోయు పనిముట్లకు, గనులలో వాడు యంత్రములకు, దేశరక్షణకు కావలసిన సామగ్రికి ఇది మిక్కిలి అవసరము.

మన కేంద్రప్రభుత్వము 2023లో ప్రకటించిన 30 కీలక ఖనిజముల పట్టికలో టంగ్‌స్టన్ చేరియున్నది. అదే సంవత్సరమున గనుల చట్టమును సవరించి, ఇట్టి ఖనిజములున్న బ్లాకులను వేలము వేయు అధికారమును కేంద్రము తీసికొన్నది. 2024లో ఆంధ్రప్రదేశ్‌లోని బాలేపాళ్యం బ్లాకు, తమిళనాడులోని నాయకర్‌పట్టి బ్లాకు వేలమునకు వచ్చినవి. కావున భూగర్భ శాస్త్రజ్ఞులు, కొలత యంత్రములు, డ్రిల్లింగు బండ్లు ఏదో ఒకనాడు మన గ్రామపు పొలిమేరలకు రావచ్చును. అవి వచ్చిన మరునాడే ఊరిలో రెండు విధముల మాటలు పుట్టును. కోట్ల విలువగల నిధి దొరికినదని కొందరు, ఊరు లేచిపోవుచున్నదని మరికొందరు చెప్పుదురు. పంచాయతీ సభ్యుడు ఈ రెండు మాటల నడుమ నిలువవలసినవాడు. అతనికి ముందుగా కావలసినది, ఖనిజాన్వేషణ యనగా నేమో తెలియుట. ఆ సంగతిని తెలిసికొనుటకు కెనడా దేశపు ఉత్తరపు కొండలలోనున్న మాక్‌టంగ్ అను నిక్షేపమును ఉదాహరణగా గ్రహింతము. ప్రపంచములో త్రవ్వకుండ మిగిలియున్న పెద్ద టంగ్‌స్టన్ నిక్షేపములలో అది యొకటి. అది కనుగొనబడి అరువది సంవత్సరములు దాటినది. 2025 నాటికి కూడ అచట గని తెరువబడలేదు. ఏల తెరువబడలేదో విచారించినచో అన్వేషణ స్వరూపమంతయు మనకు బోధపడును.

బరువైన రాయి

స్వీడిష్ భాషలో టంగ్‌స్టన్ అను మాటకు బరువైన రాయి అని అర్థము. 1781లో కార్ల్ షీలే అను రసాయన శాస్త్రజ్ఞుడు ఒక తెల్లని బరువు రాతిలో క్రొత్త పదార్థమున్నదని గ్రహించెను. 1783లో ఎల్యుయార్ సోదరులు స్పెయిన్ దేశమున ఈ లోహమును వేరుచేసిరి. ఇనుము సుమారు 1,538 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో కరుగగా టంగ్‌స్టన్ 3,422 డిగ్రీలకు గాని కరుగదు. లోహములన్నిటిలో ఇంతటి వేడిమిని ఓర్చునది వేరొకటి లేదు. దీని బరువు ఇంచుమించు బంగారముతో సమానము.

ప్రకృతిలో ఈ లోహము ఒంటరిగా దొరకదు. దానిని మోయు ఖనిజములు ముఖ్యముగా రెండు. ఇనుము, మాంగనీసులతో కూడిన నల్లని వుల్‌ఫ్రమైట్ ఒకటి. సున్నపు ధాతువగు కాల్షియముతో కూడిన తెల్లని లేక లేత పసుపు రంగు షీలైట్ రెండవది. షీలే పేరే ఈ రెండవ దానికి పెట్టబడినది. మాక్‌టంగ్ కొండలో ఉన్నది షీలైటే. పగటి వెలుతురులో చూచినచో అది సామాన్యమైన పలుగురాతివలె కనబడును. చీకటిలో అతినీలలోహిత దీపమును దానిపై ప్రసరింపజేసినచో నీలి తెలుపు కాంతితో మెరయును. ఈ గుణమే అన్వేషకులకు గొప్ప సహాయము.

మాక్‌టంగ్ ఎచట ఉన్నది

కెనడా దేశపు వాయవ్య మూలన యూకాన్, వాయవ్య ప్రాంతములు అను రెండు పరిపాలనా విభాగములు కలవు. వాని సరిహద్దుపైననే ఈ కొండ యున్నది. సమీపమునగల మాక్‌మిలన్ కనుమ పేరునందలి మొదటి అక్షరములను టంగ్‌స్టన్‌తో చేర్చి దీనికి మాక్‌టంగ్ అని పేరు పెట్టిరి. అచట వేసవి స్వల్పము, శీతకాలము దీర్ఘము. నేల చాలకాలము మంచుతో కప్పబడియుండును.

అచటికి పోవు బాటకు కూడ ఒక చరిత్ర కలదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1942 మొదలు 1944 వరకు, అమెరికా సైన్యము నార్మన్ వెల్స్ నుండి చమురు తెచ్చుటకై కానోల్ అను గొట్టపు మార్గమును, దాని వెంట బాటను నిర్మించినది. 1945లో ఆ మార్గము విడిచిపెట్టబడినది. బాటలో యూకాన్ వైపు భాగము మాత్రము మిగిలి, రాస్ రివర్ అను గ్రామము నుండి మాక్‌మిలన్ కనుమ వరకు పోవుచున్నది. శీతకాలమున దానిపై మంచు తొలగించువారు లేరు. గని తెరచుటకు ఇట్టి బాట చాలదు. విద్యుత్తు తీగలు అచటికి పోలేదు. పనివారికి వసతి, ఆహారము, ఇంధనము సమస్తమును దూరము నుండి తేవలయును. రాతిలోని లోహము ఎంత మంచిదైనను ఈ ఖర్చులన్నియు దాని విలువ నుండియే తీరవలయును.

కొండలో ఖనిజము ఎట్లు చేరినది

సుమారు 50 కోట్ల సంవత్సరముల క్రిందట ఆ ప్రాంతము సముద్రపు అడుగు. అచట బురదయు, సున్నపు పదార్థమును పొరలు పొరలుగా పేరుకొని, కాలక్రమమున పలకరాయిగను సున్నపురాయిగను గట్టిపడినవి. పిమ్మట భూమి పైపొర నొక్కుళ్లకు లోనై ఆ రాళ్లు మడతలుపడి పైకి లేచినవి. నేటికి తొమ్మిది పది కోట్ల సంవత్సరముల క్రిందట, భూగర్భము నుండి కరగిన రాతిముద్ద పైకి చొచ్చుకొనివచ్చి, ఉపరితలమును చేరకుండనే లోపల మెల్లగా చల్లారి గ్రానైటుగా మారినది.

ఆ రాతిముద్ద చల్లారునపుడు దానిలోని వేడినీరు, వాయువులు బయటికి త్రోవ వెదకినవి. వానిలో కరగియున్న టంగ్‌స్టన్ కూడ వాని వెంట బయలుదేరినది. ఆ వేడి ద్రవములు పగుళ్లగుండ పోయి సున్నపురాతిని తాకినపుడు రెండింటికి రసాయనచర్య జరిగినది. సున్నపురాయి తన రూపమును కోల్పోయి గార్నెట్, పైరాక్సీన్ మొదలగు ఖనిజములతో నిండిన బరువైన రాయిగా మారినది. ఇట్టి రాతికి శాస్త్రజ్ఞులు స్కార్న్ అని పేరు పెట్టిరి. సున్నపురాతిలోని కాల్షియమును పట్టుకొని టంగ్‌స్టన్ షీలైటుగా ఘనీభవించినది. గ్రానైటు ఒక్కటే యున్నను, సున్నపురాయి ఒక్కటే యున్నను ఇట్టి నిక్షేపము ఏర్పడదు. రెండును కలిసికొన్న అంచునందే అది పుట్టును. కావున అన్వేషకుడు కొండనంతయు త్రవ్వక, గ్రానైటుకు సున్నపురాతికి సంధి ఎచటనున్నదో ముందు వెదకును.

అదే ద్రవములు ఇనుమును, గంధకమును కూడ తెచ్చినవి. అవి కలిసి పిరోటైట్ అను ఖనిజముగా షీలైటుతోబాటు అదే రాతిలో పేరుకొన్నవి. రాయి భూమిలోపల నున్నంతవరకు దీనివలన బాధ లేదు. రాతిని త్రవ్వి, పొడిచేసి, గాలికి వానకు విడిచినచో గంధకము ఆమ్లముగా మారి నీటిలో కలియవచ్చును. గని త్రవ్వువారు లోహము తీయుటకు ఎంత శ్రద్ధ వహింతురో, మిగిలిన పొడిని నీరు తగులకుండ దాచుటకు అంత శ్రద్ధయు వహింపవలయునని చెప్పుటకు ఇదియే కారణము.

అన్వేషణలోని మెట్లు

ఖనిజాన్వేషణ మెట్టు మెట్టుగా సాగు పని. మొదటి మెట్టున విశాలమైన ప్రాంతమును పైపైన చూతురు. రాళ్ల పటములు వ్రాయుదురు. వాగుల అడుగున నున్న ఇసుకను తీసి పరీక్షింతురు. మన ఇండ్లలో స్త్రీలు బియ్యమును నీటిలో గాలించునపుడు బియ్యము జారిపోయి బరువైన రాళ్లు అడుగున మిగులును గదా. షీలైట్ మామూలు ఇసుకకంటె రెండు రెట్లకు మించి బరువైనది కావున, ఇసుకను పళ్లెములో గాలించినచో అదియు అట్లే అడుగున మిగులును. వాగు వెంట పైకి పోవుచు గాలించినచో ఆ గింజలు ఏ కొండ నుండి వచ్చుచున్నవో తెలిసిపోవును. మాక్‌టంగ్ నిక్షేపము ఇట్టి ప్రాంతీయ పరిశీలన కాలముననే, 1962లో, జేమ్స్ అలన్ అను భూగర్భ శాస్త్రజ్ఞునిచే కనుగొనబడినది. ఆ పర్వతమును నేడు అలన్ పర్వతమని పిలుచుచున్నారు.

రెండవ మెట్టున, అనుమానము కలిగిన చోట డ్రిల్లింగు చేయుదురు. ఇది మన బోరువంటిది కాదు. బోరు రాతిని పొడిచేయును. అన్వేషణ యంత్రము వజ్రపు అంచుగల బోలుగొట్టముతో రాతిని గుండ్రని కడ్డీగా కోసి పైకి తెచ్చును. ఆ కడ్డీలను వరుసగా పెట్టెలలో పేర్చి, ఏ లోతున ఏ రాయి యున్నదో వ్రాసికొందురు. చీకటిగదిలో దీపముపెట్టి షీలైట్ మెరపును చూతురు. తరువాత కడ్డీని నిలువుగా చీల్చి సగమును పరీక్షాశాలకు పంపి, సగమును సాక్ష్యముగా దాచుదురు. మాక్‌టంగ్‌లో ఈ పని 1968లో మొదలైనది. 1973లో కొండ ప్రక్క నుండి సొరంగము తొలిచి, పరీక్షకై పెద్దమొత్తమున రాతిని బయటికి తీసిరి.

అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు ఒక మెతుకు పట్టి చూచిన చాలునని మన పెద్దలు చెప్పుదురు. కొండ విషయమున ఈ న్యాయము చెల్లదు. ఒక రంధ్రములో మంచి ఖనిజము పడి, పది గజముల దూరమున మరియొక రంధ్రములో ఏమియు పడకపోవచ్చును. ఒక రైతు బోరులో నీరు పడినంతమాత్రమున ప్రక్క పొలములో పడునని నమ్మకము లేదని మనకు అనుభవమే కదా. అందుచేత రంధ్రములను క్రమమైన ఎడముతో అనేకముగా వేయుదురు. అవి దగ్గరయ్యెడి కొలది లెక్కపై నమ్మకము పెరుగును.

మూడవ మెట్టు ఆ లెక్క. 2023లో ప్రకటింపబడిన అంచనా ప్రకారము మాక్‌టంగ్‌లో సూచిత వనరు 4 కోట్ల 15 లక్షల టన్నుల ముడిరాయి. దానిలో టంగ్‌స్టన్ ఆక్సైడు 0.73 శాతము. అనగా ఒక టన్ను రాతిలో సుమారు 7 కిలోల 300 గ్రాములు. ఇదికాక అనుమిత వనరు 1 కోటి 22 లక్షల టన్నులు, దానిలో ఆక్సైడు 0.59 శాతము. సూచితమనగా రంధ్రములు కొంత దగ్గరగా వేసి నమ్మకముతో చెప్పిన లెక్క. అనుమితమనగా రంధ్రములు ఎడముగా నున్నందున కొంత ఊహతో చెప్పిన లెక్క. ఈ రెండు మాటల భేదమును పంచాయతీ సభ్యులు గుర్తుంచుకొనవలయును. పత్రికలలో రెండింటిని కలిపి ఒక్క పెద్ద అంకెగా వ్రాయుట కలదు.

ఉన్నదనుటకును త్రవ్వవచ్చుననుటకును నడుమ

పై అంకెలు వనరును తెలుపును. త్రవ్వి అమ్మినచో ఖర్చులు పోను లాభము మిగులునని నిరూపింపబడినప్పుడు మాత్రమే ఆ భాగమును నిల్వ అందురు. ఆ నిరూపణకు రాయి ఒక్కటే చాలదు. బాట, విద్యుత్తు, నీరు, పనివారు, వ్యర్థమును దాచు స్థలము, ప్రభుత్వానుమతి, మార్కెట్టు ధర, పెట్టుబడి సమస్తమును కలిసి రావలయును.

మాక్‌టంగ్ చరిత్రలో ఇవన్నియు ఒకేసారి కలిసి రాలేదు. 2009లో గని సాధ్యాసాధ్యములపై వివరమైన నివేదిక తయారైనది. 2014లో యూకాన్ ప్రాంతపు పర్యావరణ పరిశీలన ముగిసినది. ఆ మరుసటి సంవత్సరమే, 2015లో, యాజమాన్య సంస్థ అప్పుల భారమున పడి న్యాయస్థానపు రక్షణ కోరినది. నిక్షేపమును వాయవ్య ప్రాంతముల ప్రభుత్వము కొనవలసివచ్చినది. 2022లో ఫైర్‌వీడ్ అను సంస్థ దానిని తీసికొనుటకు ఒప్పందము చేసికొన్నది. 2024 డిసెంబరులో అమెరికా రక్షణశాఖ 1 కోటి 58 లక్షల అమెరికా డాలర్లను, కెనడా ప్రభుత్వము 1 కోటి 29 లక్షల కెనడా డాలర్ల వరకును ఈ పనికై సహాయముగా ప్రకటించినవి.

ఇన్నేండ్ల తరువాత ఈ ఆసక్తి ఏల కలిగినది? ప్రపంచములో తీయబడు టంగ్‌స్టన్‌లో ఇంచుమించు ఐదింట నాలుగు వంతులు చైనా దేశము నుండియే వచ్చుచున్నది. చైనా 2025 ఫిబ్రవరిలో కొన్ని టంగ్‌స్టన్ సరకుల ఎగుమతిపై అనుమతి నిబంధన విధించినది. ఒక్క అంగడిపైననే ఆధారపడిన ఊరు ఆ అంగడి మూతపడునేమోయని భయపడునట్లు, ఇతర దేశములు తమ కొండలవైపు చూచుచున్నవి. 1973 నుండి నేటి వరకు కొండలోని రాయి మారలేదు. మారినది బయటి ప్రపంచపు అవసరము. కావున ఒక నిక్షేపపు భవిష్యత్తు ఆ ఊరివారి చేతిలో లేని కారణములపై కూడ ఆధారపడియుండునని గ్రహింపవలయును.

పొరుగు గని కథ

మాక్‌టంగ్‌కు దక్షిణముగా, అదే కొండల వరుసలో, కాన్‌టంగ్ అను గని కలదు. అదియు షీలైట్ గల స్కార్న్ నిక్షేపమే. మాక్‌టంగ్ కనుగొనబడిన 1962లోనే అచట ఉత్పత్తి మొదలైనది. పనివారికై టంగ్‌స్టన్ అను పేరుతోనే ఒక చిన్న ఊరు వెలసినది. కుటుంబములు కాపురములు పెట్టినవి. 1986లో లోహపు ధర పడిపోగా గని మూతపడి, ఊరు ఖాళీయైనది. ధర పెరిగిన పిమ్మట 2002లో మరల తెరచిరి, 2003లో మరల మూసిరి. 2005లో తెరచి 2015లో మూసిరి. స్థలమును కాపాడు భారము, వ్యర్థపు చెరువులను కనిపెట్టియుండు భారము కడకు ప్రభుత్వముపై పడినది.

గని వలన ఉద్యోగములు వచ్చుట నిజము. బాట పడుట నిజము. ఐనను గని పంటపొలము వంటిది కాదు. పొలము ఏటేట పండును. గనిలో తీసినది మరల పుట్టదు. ధర పడినప్పుడు ఖనిజము మిగిలియున్నను పని ఆగిపోవును. గనిని నమ్ముకొని గ్రామమునందలి చెరువులను, పొలములను, ఇతర వృత్తులను విడిచిన ఊరు గని మూతపడిననాడు దేనిపై నిలబడును? ఈ ప్రశ్నను గని తెరచుటకు ముందే వేసికొనుట వివేకము.

ఆ సీమ ప్రజల మాట

మాక్‌టంగ్ పరిసరములు నిర్జనమని పటములలో తోచును. ఆ నేలపై కాస్కా దెనే మొదలగు మూలవాసి ప్రజలు వేటాడుచు, చేపలు పట్టుచు తరతరములుగా జీవించుచున్నారు. ఆ బాటలోని రాస్ రివర్ గ్రామము వారిదే. యూకాన్‌లో పూర్వము ఎవరైనను పోయి నేలపై గుర్తుకర్రలు పాతి, ఆ చోటు ఖనిజహక్కు తమదని నమోదు చేయించుకొను పద్ధతి యుండెను. ఆ నేలపై తరతరములుగా బ్రతుకువారికి కబురైన అక్కరలేకుండెను. దీనిపై రాస్ రివర్ దెనే సంఘము న్యాయస్థానమునకు పోయినది. 2012 డిసెంబరులో యూకాన్ అప్పీలు న్యాయస్థానము ఆ ప్రజల పక్షమున తీర్పు చెప్పినది. వారి నేలపై ఖనిజహక్కు నమోదు చేయునపుడు ప్రభుత్వము వారికి తెలుపవలెననియు, వారితో సంప్రదింపవలెననియు ఆ తీర్పు సారాంశము.

ఈ తీర్పు గని త్రవ్వకూడదని చెప్పలేదు. అడుగవలసినవారిని మొదటి మెట్టుననే అడుగవలెనని చెప్పినది. అన్వేషణ ముగిసి కోట్లు ఖర్చైన పిమ్మట అడుగుట, అడుగకపోవుటతో సమానమే కదా.

మన దేశమున సంగతి

మన దేశమున మొదటి ప్రపంచయుద్ధ కాలమున రాజస్థాన్‌లోని దేగానా వద్ద వుల్‌ఫ్రమైట్ త్రవ్వకము మొదలైనది. 1990 దశకమున ఆ గని ఆగిపోయినది. కర్ణాటకలో కోలారు బంగారు గనుల నుండి పడిన రాతిపొడి దిబ్బలలో షీలైట్ ఉన్నట్లు తెలిసినది. ఆంధ్రప్రదేశ్‌లో పూర్వపు తూర్పు గోదావరి జిల్లాయందలి బూరుగుబండ వద్ద టంగ్‌స్టన్ జాడలు గుర్తింపబడినవి.

2015 ఏప్రిల్ 1 నాటి జాతీయ లెక్క ప్రకారము దేశమున టంగ్‌స్టన్ ముడిరాయి 8 కోట్ల 74 లక్షల టన్నులు. దానిలో ఆక్సైడు సుమారు 1 లక్షా 42 వేల టన్నులు. అనగా టన్ను రాతికి సగటున 1 కిలో 600 గ్రాములు. మాక్‌టంగ్‌లో టన్నుకు 7 కిలోలకు పైగా ఉన్నదని పైన చూచితిమి. ఆ జాతీయ లెక్కలో కర్ణాటకకు 42 శాతము, రాజస్థాన్‌కు 27 శాతము, ఆంధ్రప్రదేశ్‌కు 17 శాతము చెప్పబడినవి. అందులో నిల్వయని తేలినది ఏమియు లేదు. అంతయు వనరు క్రిందనే చూపబడినది. మన నేలలో టంగ్‌స్టన్ ఉన్నదని చెప్పుట సత్యమే. లాభముగా త్రవ్వవచ్చునని చెప్పుటకు ఆనాటికి ఆధారము చాలలేదు.

మన దేశమున అన్వేషణ మెట్లను జి-4, జి-3, జి-2, జి-1 అను గుర్తులతో చెప్పుదురు. జి-4 పైపై పరిశీలన, జి-3 ప్రాథమికము, జి-2 సాధారణము, జి-1 సంపూర్ణము. 2024లో వేలమునకు వచ్చిన బాలేపాళ్యం, నాయకర్‌పట్టి బ్లాకులు సంయుక్త లైసెన్సు పద్ధతివి. అనగా వేలము పాడుకొన్నవారు ముందు అన్వేషణ పూర్తిచేసి, ఫలితము బాగున్నచో తరువాత గని లీజు పొందవలయును. వేలము జరిగినదని వినగనే రేపు గని తెరతురని తలచుట సరికాదు. వేలముతో హక్కు కొంత ఏర్పడుచున్నది కావున, ఇంక చాల కాలమున్నదిలే యని ఊరకుండుటయు సరికాదు.

నాయకర్‌పట్టి సంగతి దీనికి నిదర్శనము. మధురై జిల్లాలోని ఆ బ్లాకు విస్తీర్ణము సుమారు 2,015 హెక్టార్లు. అందులో 193 హెక్టార్లు అరిట్టాపట్టి జీవవైవిధ్య వారసత్వ స్థలమునకు చెందినవి. ఆ స్థలమును తమిళనాడు ప్రభుత్వము 2022లోనే గుర్తించియుండెను. 2024 నవంబరులో వేలపు ఫలితము వెలువడగనే ఆ చుట్టుప్రక్కల గ్రామసభలు కూడి వ్యతిరేక తీర్మానములు చేసినవి. డిసెంబరులో రాష్ట్ర శాసనసభ తీర్మానించినది. 2025 జనవరిలో వేలాదిగా రైతులు మధురైకి నడచిపోయిరి. జనవరి 23న కేంద్ర గనుల శాఖ ఆ వేలమును రద్దు చేసినది. అచటి చెరువులు, గుళ్లు, పురాతన శాసనములు గల కొండలు బ్లాకు హద్దులు గీయునాడే లెక్కలోనికి వచ్చియున్నచో ప్రభుత్వమునకు, ప్రజలకు, వేలము పాడినవారికి కూడ అంత శ్రమ తప్పియుండును. ఊరిలో ఏమేమి ఉన్నవో వ్రాతమూలకముగా ముందే చెప్పగలిగినది ఆ ఊరి పంచాయతీయే.

పంచాయతీ బాధ్యత

టంగ్‌స్టన్ ప్రధాన ఖనిజము. దాని లైసెన్సు ఇచ్చుట పంచాయతీ చేతిలోని పని కాదు. ఐనను పంచాయతీకి స్థానము లేకపోలేదు. షెడ్యూల్డు ప్రాంతములలో భూసేకరణకు ముందు గ్రామసభతోగాని తగు స్థాయి పంచాయతీతోగాని సంప్రదింపవలెనని 1996 నాటి పెసా చట్టము చెప్పుచున్నది. 2006 నాటి అటవీహక్కుల చట్టము ప్రకారము హక్కుల నిర్ణయము గ్రామసభతోనే మొదలగును. 2015లో ఏర్పడిన జిల్లా ఖనిజ నిధి గనుల వలన బాధపడు ప్రాంతముల మేలుకొరకు ఉద్దేశింపబడినది. ఇంకొక సంగతి. కీలక ఖనిజముల గనులకు పర్యావరణానుమతి ఇచ్చునపుడు జరుగవలసిన బహిరంగ విచారణను 2025 సెప్టెంబరు ఉత్తరువుతో కేంద్ర పర్యావరణ శాఖ మినహాయించినది. కావున ఇట్టి గనుల విషయమున ఊరి మాటను ప్రభుత్వమునకు చేరవేయుటకు గ్రామసభ తీర్మానములకు ఇదివరకటికంటె ఎక్కువ ప్రాముఖ్యము వచ్చినది.

గ్రామమునకు అన్వేషకులు వచ్చినపుడు వారిని శత్రువులుగా చూడనక్కరలేదు. వారిలో భారత భూగర్భ పరిశీలన సంస్థ ఉద్యోగులు ఉండవచ్చును. దేశమునకు కావలసిన జ్ఞానమును వారు సంపాదించుచున్నారు. మర్యాదగా కూర్చుండబెట్టి, ఈ క్రింది ప్రశ్నలు అడిగి, జవాబులను పంచాయతీ పుస్తకమున వ్రాసికొనుట మేలు.

1. వచ్చినవారు ఏ సంస్థకు చెందినవారు? అనుమతి పత్రపు నకలు పంచాయతీకి ఇత్తురా?

2. అన్వేషణ ఏ మెట్టున ఉన్నది? జి-4నా, జి-3నా, జి-2నా, జి-1నా?

3. బ్లాకు హద్దులలో ఏయే సర్వే నంబరులు, చెరువులు, వాగులు, శ్మశానములు, దేవాలయములు, మేత బీళ్లు వచ్చుచున్నవి?

4. ఎన్ని రంధ్రములు వేయుదురు? డ్రిల్లింగునకు నీరు ఎచట నుండి తెత్తురు? పని ముగిసిన పిమ్మట రంధ్రములను, గుంటలను ఎవరు పూడ్చుదురు?

5. పంట నష్టమైనచో పరిహారము ఎంత, ఎప్పుడు, ఎవరి చేతికి?

6. ముడిరాతిలో గంధకపు ఖనిజములు ఉన్నవా? గని తెరచినచో రాతిపొడిని ఎచట దాచుదురు? గని మూసిన తరువాత దానిని కాపాడు ధనము ముందే నిలువ చేయుదురా?

ఇవి గాక గ్రామస్థులకు పంచాయతీ చెప్పవలసిన మాట యొకటి కలదు. అన్వేషణ వార్త పుట్టగనే దళారులు బయలుదేరి, ప్రభుత్వము ఎటులైనను తీసికొనునని బెదరించి భూములను కారుచౌకగా కొనజూతురు. లేదా రేపు పది రెట్లు ధర వచ్చునని ఆశచూపి అప్పులు చేయింతురు. మాక్‌టంగ్ కొండ అరువది ఏండ్లుగా వేచియున్నది. అట్టి వార్తను నమ్మి ఒక్క పంటకాలములో భూమిని పోగొట్టుకొనుట పొరపాటు. పంచాయతీ వద్ద వ్రాసియుంచిన జవాబులు ఉన్నచో దళారి మాటకు విలువ తగ్గును.

కొండలో రాయి ఉండుట ఒక సంగతి. అది ఎంత ఉన్నదో తేలుట రెండవ సంగతి. దానిని నష్టము లేకుండ తీయగలుగుట మూడవ సంగతి. ఒకదాని నుండి మరియొకదానికి చేరుటకు ఏండ్లు పట్టును, ఒక్కొక్కచోట ఎన్నటికిని చేరదు. తన ఊరి విషయము ఈ మూటిలో ఎచట నున్నదో తెలిసిన పంచాయతీ అనవసరముగా భయపడదు, అనవసరముగా ఆశపడదు. గ్రామసభ తదుపరి సమావేశమున ఈ పాఠమును చదివి వినిపించి, తమ ఊరి చెరువులు, వాగులు, బీళ్లు, పుణ్యస్థలముల జాబితాను సర్వే నంబరులతో సిద్ధము చేసికొనవలసినదిగా పంచాయతీ సభ్యులను కోరుచున్నాము. అన్వేషకులు వచ్చినను రాకపోయినను ఆ జాబితా ఊరికి ఉపయోగపడును.